ఛైర్మన్ గారి తరువాతి నంబరు

నేను ఒక నిలువు వరుసను. ఉద్దానంలో ఒక ట్రస్టు వారి డయాలసిస్ కేంద్రంలో, కంప్యూటరు పొట్టలో, రోగుల పట్టికకు ఎడమ చివర నిలబడి ఉంటాను. పేరు ఐడీ. వచ్చిన ప్రతి మనిషికీ ముందువాడికన్నా ఒకటి ఎక్కువ అంకె ఇవ్వడం నా పని. ఎవరూ వెయ్యక్కర్లేదు, దానంతటదే పడుతుంది. దీన్ని ఆటో ఇంక్రిమెంట్ అంటారు. మీకు ఇంక్రిమెంటు ఏడాదికోసారి, అదీ పైవాడికి దయ పుడితే. నాకు మనిషి మంచాన పడినప్పుడల్లా ఇంక్రిమెంటే. ఇలాంటి ప్రమోషను పగవాడికి కూడా వద్దు.

నన్ను పుట్టించినవాడు విశాఖపట్నంలో సుధాంశు అనే ఇంజనీరు. నాకు ఎంత వెడల్పు పెట్టాలా అని ఆలోచించి, "ఆ మూలకి ఎంతమంది వస్తార్లే" అని చిన్న సైజు తొడిగాడు. అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై అయిదు దాటితే నా దగ్గర అంకెలు లేవు. కిడ్నీలు పాడైన మనుషులు ఆ మూలలో ఎన్ని ఇళ్ళలో ఉన్నారో ఆయనకు తెలియదు. ఇంకో ఉపకారం కూడా చేశాడు. ఎవరైనా నాకు పట్టని పెద్ద అంకె వేస్తే, గొడవ చెయ్యకుండా పట్టినంతవరకు కత్తిరించి మింగెయ్యమన్నాడు. గొడవ చేస్తే ఆయనకు ఫోన్లు వస్తాయట. అలా నాకు మింగడానికి గొంతు పెట్టాడు, అరవడానికి పెట్టలేదు.

వచ్చినవాళ్ళు వచ్చిన ప్రతిసారీ కొత్త నంబరు తీసుకోవాలి. ఆపరేటరు హైమ పేరు కొడితే నేను అంకె ఇస్తాను, స్టిక్కరు బయటికి వస్తుంది, అది చూసి స్టోరువాళ్ళు ఫిల్టరూ గొట్టాలూ ఉన్న కిట్టు ఇస్తారు. స్టిక్కరు లేనిదే కిట్టు లేదు, కిట్టు లేనిదే మిషను లేదు. నన్ను లెక్కచేసినవాళ్ళు లేరు గానీ, నా లెక్క తేలకుండా ఒక్కరి నెత్తురూ తేరుకోదు.

ఇలా నలుగురితో పాటు నేనూ బతుకు లాక్కొస్తుండగా కొత్త హాలు ప్రారంభోత్సవం వచ్చిపడింది. హాలుకు రంగులు వెయ్యాలని ముందు రోజుల్లో మిషన్లు ఆపేశారు. రోగులకు రంగు పోయింది, గోడలకు వచ్చింది. రిబ్బను కత్తిరించాక ఛైర్మన్ గారు, కొత్త హాలులో మొదటి పేరు తనదే ఎక్కాలని సెలవిచ్చారు. రోగం లేకపోయినా రోగిగా నమోదు కావాలన్న ముచ్చట ఆరోగ్యవంతులకే వస్తుంది. నంబరు మాత్రం అన్నీ తొమ్మిదులే ఉండాలని ఆయన జ్యోతిష్కుడు చెప్పాడట.

"సార్, అది దానంతటదే పడుద్దండి. మనం వెయ్యకూడదు" అంది హైమ.

"దానంతటదే పడేది నీకూ నాకూనమ్మా. ఛైర్మన్ గారికి మనం వెయ్యాలి" అన్నాడు మేనేజరు జగ్గారావు.

అయిదు తొమ్మిదులు వేశారు. చప్పట్లు కొట్టారు. పన్నెండు వేల దగ్గర నింపాదిగా నడుస్తున్న నేను ఒక్క గెంతులో నా నెత్తి మీది కప్పుకు కొట్టుకున్నాను. అయిదు తొమ్మిదులు పట్టవు గనుక, నాకు పట్టే ఆఖరి అంకెకు కత్తిరించి మింగాను. ఛైర్మన్ గారు నా చివరి మెట్టు మీద కూర్చున్నారు. ఇక పైన మెట్టు లేదు.

ఆయన కారు కదలగానే నీలవేణిని ఆమె మొగుడు ఢిల్లేసు భుజం మీద వేసుకొచ్చాడు. జీడిపప్పు ఒలిచే మనిషి. వారానికి రెండుసార్లు వచ్చేది. రంగుల పుణ్యమా అని ఒక వాయిదా తప్పి, ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరి అందడం లేదు.

హైమ పేరు కొట్టింది. నేను నా చివరి అంకె చూపించాను. అక్కడ ఛైర్మన్ గారున్నారు. 'ఈ నంబరు ఇప్పటికే ఉంది' అని తెర మీద ఎర్రగా పడింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎరుపే.

సుధాంశుకు ఫోను చేశారు. "కంప్యూటరు ఆపి, మళ్ళీ వెయ్యండి" అన్నాడు. ఆపి, మళ్ళీ వేశారు. అక్కడి నుంచే నన్ను వెనక్కి, పన్నెండు వేలకు తిప్పబోయాడు. పైన మనిషి కూర్చుని ఉండగా నేను కిందికి దిగలేను. అది నా పుట్టుక. వెడల్పు చేద్దామంటే, నన్ను నమ్ముకున్న మిగతా పట్టికలన్నీ విప్పి కుట్టాలి, సాయంత్రం అవుతుందన్నాడు.

"ఒకటే దారి సార్. ఆ చివరి వరుస తీసేస్తే నిమిషంలో అయిపోద్ది."

"ఛైర్మన్ గారిని తీసేస్తానంటావేంటయ్యా! నోరు కడుక్కో ముందు" అన్నాడు జగ్గారావు.

"మనిషిని కాదు సార్, వరుసని."

"ఆయనతో నీకు వరసేంటి! ముహూర్తం పెట్టి వేసిన నంబరది. ఆయన్ని అడక్కుండా ముట్టుకోనివ్వను."

"పోనీ, నంబరు లేకుండా కిట్టు ఇప్పించండి సార్" అంది హైమ.

"రేపు తనిఖీకొచ్చి అడిగితే ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

ఛైర్మన్ గారు సన్మానంలో ఉన్నారు. ఫోను ఆపేసి ఉంది.

"బాబూ, దీనికి ఊపిరాడ్డం నేదు. నంబరు తరవాతేసుకోండి. ముందు ఆ మిసనెక్కించండి బాబూ" అన్నాడు ఢిల్లేసు.

"నా చేతిలో ఏముందయ్యా? కంప్యూటరు ఒప్పుకోవట్లేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళిపో, బండి పిలుస్తాను."

నేను ఒప్పుకోలేదట. నాకు అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క చెబితే ఛైర్మన్ గారిని దింపేసి, నీలవేణికి చోటిచ్చి ఉందును. చెప్పాల్సినవాళ్ళకు వేళ్ళున్నాయి, ధైర్యం లేదు. బండి హైవే ఎక్కకముందే నీలవేణి పోయింది.

మర్నాడు విచారణ జరిగింది. దేని మీద అనుకున్నారు? తొమ్మిదులు ఆరూ అయిదులూ మూడూ ఎలా అయ్యాయని. ఛైర్మన్ గారు ఆ అంకెల్ని ఒకే అంకె మిగిలేదాకా స్వయంగా కూడి చూసుకున్నారు. ఆరు వచ్చింది. "నాకు ఆరు పడదని తెలీదా?" అని కేకలేశారు. జగ్గారావు చేతులు కట్టుకుని, తన సొంత ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నాడు.

సుధాంశు వచ్చి నన్ను వెడల్పు చేశాడు. "నాలుగు వందల కోట్ల పైన పడతాయి సార్. ఇక ఈ జన్మకి నిండదు" అన్నాడు, ఛాతీ పొంగించి. అంతమంది రోగులకు చోటు చేసి ఒక మనిషి పొంగిపోవడం నేను అప్పుడే చూశాను.

కొన్నాళ్ళకు ఢిల్లేసు ఒక్కడూ వచ్చాడు, రోగిగా. ఉద్దానంలో జబ్బు ఒక ఇంటికి వచ్చాక తొందరగా చెప్పులేసుకోదు. హైమ పేరు కొట్టింది. రెప్పపాటులో అంకె ఇచ్చాను.

"పడింది చిన్నాన్నా. కూర్చో."

"అప్పుడే పడిపోనాదా?"

"ఆఁ."

"మరి ఆ దినం దానికెందుకు పడనేదమ్మా?"

హైమ స్టిక్కరు తీసి అతని చేతిలో పెట్టింది. ఢిల్లేసు స్టిక్కరు కేసి చూస్తూ, "దానికీ ఒకటి ఎయ్యమ్మా" అన్నాడు.

ఆ పిల్ల జగ్గారావు గది వైపు ఒకసారి చూసింది. పేరు కొట్టింది. చచ్చినవాళ్ళకు ఇవ్వకూడదని నాకెవరూ చెప్పలేదు. తరువాతి అంకె ఇచ్చాను. స్టిక్కరు వచ్చింది. హైమ దాన్ని చింపలేదు; స్టోరు కిటికీలో పెట్టింది.

కాసేపటికి లోపలి నుంచి కేక వినబడింది.

"నీలవేణి! నీలవేణి ఎవరండీ? మీ కిట్టు పట్టుకెళ్ళండి!"

ఢిల్లేసు లేచి నిలబడ్డాడు.