మూత లేని తొట్టె

రంగూన్ నగరంలో లమ్మడా పేటలో, నదికి రెండు వీధుల ఇవతల ఒక నాలుగంతస్తుల మేడ ఉండేది. అందులో కొళాయి తెల్లవారిన తరువాత గంటసేపే వచ్చేది. ఆ గంటలో ఆడవాళ్ళందరూ వాకిట్లోని సిమెంటు తొట్టె కటకటాల బయటున్న కొళాయి దగ్గర చేరి, బిందెలు నింపుకుని మెట్లెక్కేవారు. రెండు జాడీలు, ఒక పీపా నిండాయంటే ఆ పూటకు నిశ్చింత. నీళ్ళు దాచుకోవడం ఇల్లాలి జాగ్రత్త అని వాళ్ళు నమ్మారు. నిజమే, జాగ్రత్తే. కాని ఏటా వానాకాలంలో ఆ మేడలో ఒకరో ఇద్దరో పసిపిల్లలు జ్వరంతో నెత్తురు కక్కుకుని ఎందుకు పోతున్నారో వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఆ సంగతి తెలుసుకోవాలని బయలుదేరిన పిల్ల ఆ మేడలోనే ఉంది. పేరు తార. ముత్తాత విశాఖ తీరం నుంచి రంగూన్ రేవుకు మూటలు మోయడానికి వచ్చినవాడు. తండ్రి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. తార జంతుశాస్త్రం చివరి సంవత్సరం చదువుతోంది. చివరి సంవత్సరం విద్యార్థులు తలా ఒక పరిశోధన చేసి నివేదిక రాయాలి. తోటివాళ్ళు కప్పలనీ చేపలనీ ఎంచుకుంటే, తార దోమలను ఎంచుకుంది.

అది 1987 వానాకాలం. తెల్ల పింగాణీ గిన్నె, టార్చిలైటు, నోటుపుస్తకం పట్టుకుని ఆమె మూడు వీధుల్లో రెండువందల పన్నెండు ఇళ్ళు తిరిగింది. ప్రతి జాడీలోనూ గిన్నె ముంచి, కదిలే పురుగులను లెక్కపెట్టింది.

అదే మేడలో ఎదురువాటా తులసమ్మ నవ్వేది. "ఏటే తారా, మా జాడీలో ఏటి సూత్తన్నావు? నీళ్ళేనే, సేపల్లేవు."

"పురుగులున్నాయి పిన్నీ. ఇయ్యే రెక్కలొచ్చి పగలు కుడతాయి. వారానికోసారి జాడీ గీకి కడుగు, మూతికి గుడ్డ కట్టు."

"గుడ్డ కడతాను గానీ, కడగడానికి నీళ్ళెక్కడివే?"

తార ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకుంది. కొన్ని ఇళ్ళవాళ్ళు అసలు తలుపే తీయలేదు. "ఆ పుస్తకం ఎవలికిత్తావమ్మా?" అని సందులోంచి అడిగారు. పేర్లు రాసుకునే మనిషంటే ఆ ఊళ్ళో అందరికీ భయమే.

నాలుగు నెలలకు లెక్క తేలింది. మునిసిపాలిటీ వాళ్ళు పొగ కొట్టే మురుగుకాలవల్లో పసిపిల్లలకు ఈ నెత్తురు జ్వరం తెచ్చే దోమ దాదాపు లేదు. ఉన్నదంతా మంచినీళ్ళలోనే. అన్నిటికంటే ఎక్కువ వాకిట్లోని సిమెంటు తొట్టెలో. దాని పైచెక్కలు కుళ్ళి ఎన్నేళ్ళయిందో. చుట్టూ ఇనుప కటకటాలు, వాటికి తాళం. తాళంచెవి పేట కార్యాలయంలో. కాలేజీ ఉత్తరం చూపించి ఒక్కసారి లోపలికి వెళ్ళినప్పుడు ఆమె ముంచిన గిన్నె నల్లగా కదిలిపోయింది. చెయ్యవలసింది ఎంత చిన్నపని! తొట్టెకు మూత వేయాలి, వారానికోసారి కడగాలి. అంతే.

ఆమె అధ్యాపకురాలు డో ఖిన్ ఏ అనే బర్మా ఆవిడ. ఆ నివేదికను రెండుసార్లు చదివింది. "మ తారా, ఇరవై ఏళ్ళుగా విద్యార్థులు మార్కుల కోసం రాసినవి దిద్దుతున్నాను. ఇది మనుషుల కోసం రాసింది," అంది. చిన్నవాళ్ళ పేరుకు ముందు 'మ', పెద్దావిడ పేరుకు ముందు 'డో' చేర్చడం అక్కడి మర్యాద. తరువాత లేచి తలుపు దగ్గరగా వేసింది. "కాని పైవారి అనుమతి లేకుండా ఇది గది దాటకూడదు. ఇంకొకటి. విదేశీయుల కార్డున్నవారి పేరుతో పంపితే వాళ్ళు తెరవరు."

కొత్త పౌరసత్వ చట్టం వచ్చాక తార ఇంటిల్లిపాదీ పుట్టిన ఊళ్ళోనే విదేశీయులుగా మిగిలారు. చివరికి ఆ నివేదిక మీద మ సందా అనే బర్మా సహవిద్యార్థిని పేరు రాశారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ సంతకం చేసింది.

ఇంటికొచ్చి చెబితే తల్లి అప్పలనరసమ్మ మండిపడింది. "వానలో నానింది నువ్వు, పేరు ఇంకొకలదా?"

"పేరుకేటుందమ్మా. ఉత్తర్వొచ్చి తొట్టెకి మూతెడితే సాలదా?"

నివేదిక మరుసటి జనవరిలో పైకి వెళ్ళింది. మార్చిలో ప్రభుత్వాన్ని ఎదిరించిన విద్యార్థుల మీద తుపాకులు పేలాయి. కాలేజీలు మూతపడ్డాయి. పైకి వెళ్ళిన కాగితం ఏ బల్లమీద ఉందో అడగడానికి కూడా చోటు లేకపోయింది.

తొలకరి పడగానే తార ఉండబట్టలేక పేట కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఆమె మాట సగం విని కార్డు అడిగాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "విదేశీయురాలివి. ఇక్కడి నీళ్ళ సంగతి నీకెందుకు? పైనుంచి కాగితం వస్తే మేమే చూసుకుంటాం," అన్నాడు. తాళం కొట్టిపారేద్దామా అనుకుంది. ప్రభుత్వపు తాళం పగిలితే ముందు పట్టుకుపోయేది తండ్రినే. ఇంటికి వచ్చేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

జులైలో తులసమ్మ కూతురు చిన్నమ్మికి జ్వరం వచ్చింది. అయిదేళ్ళ పిల్ల, పగలంతా ఆ కటకటాల పక్కనే గవ్వలాడేది. మూడోరోజుకు జ్వరం దిగింది, గంజి తాగింది. తులసమ్మ ఊపిరి పీల్చుకుంది. తార మాత్రం పిల్ల చేతులు పట్టుకుని చూసింది, మంచులా ఉన్నాయి. "పిన్నీ, తగ్గలేదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి," అంటూ తానే భుజాన వేసుకుని పరుగెత్తింది. అక్కడ మంచానికి ఇద్దరేసి పిల్లలున్నారు. మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మి పోయింది. ఆసుపత్రి పుస్తకంలో 'జ్వరం' అని మాత్రమే రాశారు. ఏ జ్వరమో రాయలేదు.

దిష్టి తగిలిందని తులసమ్మ అనుకుంది. తార కాదనలేదు. నిజం చెప్పే ధైర్యం ఆమెకు మూడేళ్ళపాటు రాలేదు.

1991లో కాలేజీలు తెరిచారు. తిరిగి చేర్చుకున్నవారి జాబితాలో తార పేరు లేదు. అప్పటికామె ఒక టోకు కొట్టులో పప్పుల బస్తాల మీద గుర్తులు వేసే పనిలో కుదిరింది. ఒక ఆదివారం డో ఖిన్ ఏ మూడంతస్తులూ ఎక్కి తార ఇంటికి వచ్చింది. ఆమెను ఉద్యోగంలోంచి ముందే పంపేశారు. భుజాన ఉన్న గుడ్డసంచిలోంచి పాత నివేదిక తీసి తార చేతిలో పెట్టింది.

"కాలేజీలో నా బీరువా ఖాళీ చెయ్యమని పిలిచారు, అందులో దొరికింది. పైనుంచి ఎప్పుడో తిప్పి పంపారు. అట్ట చూశారు కాని లోపల విప్పినట్టయినా లేదు," అంది. అట్టమీద ఎర్రసిరాతో ఒక్క వాక్యం ఉంది: 'ఇటువంటి రోగం నగరంలో ఉన్నట్టు రాయరాదు.'

బర్మా మాటల్లో రోగం, తొట్టె అన్నవి చెవినబడి తులసమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమెకూ ఆ భాష బాగా వచ్చు. కాగితాల కేసి చూసింది, తార ముఖం కేసి చూసింది.

"ఇదేటే? మా జాడీల లెక్కా? అయితే నీకు ముందే తెల్సా?"

"తెల్సు పిన్నీ."

"ఆ తొట్టె వల్లేనని?"

తార తల ఊపింది. తులసమ్మ గుమ్మంలోనే కూలబడి, "ఒక్క మాట సెప్పుంటే పిల్లని ఆ పక్కకెళ్ళనిచ్చేదాన్ని కాదు కదే. దానికి పైవోళ్ళ కాగితమెందుకే?" అంది.

డో ఖిన్ ఏ తులసమ్మ ఎదుట నేలమీద కూర్చుని, ఆమె చేయి పట్టుకుని మెల్లగా అంది.

"అమ్మా, ఈ పిల్లనొక్కదాన్నే అనకండి. మాట పైకి పంపమన్నదాన్ని నేను. పక్కింటికి చెప్పమనలేదు. భయపడ్డాను. తాళం వేసింది ప్రభుత్వమే కాని, తెలిసినవాళ్ళం నోరు మూసుకున్నాం కనుకనే ఆ తాళం నిలిచింది. నలుగురి ప్రాణానికి సంబంధించిన చదువుకు అనుమతి కోసం ఎదురుచూడకూడదు. ఎదురుచూశామా, దాని ఖరీదు కట్టేది మనం కాదు, ఏమీ తెలియని పసిబిడ్డలు."