డెబ్బై డిగ్రీల మీద అమ్మ పాట

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ కట్టుడుపళ్ల అచ్చు తెరిచాను. గులాబీరంగు చిగుళ్ల నిండా సూదిమొనంత బుడగలు.

"నీళ్లు మరిగించావా అమ్మా?"

అమ్మ అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గోరువెచ్చగానే ఉన్నాయి కదే వెసీ. నిలవ మిరపకాయల సీసాలైతే తెర్లాల్సిందే. సాయమని మంట పెంచాను."

మా గబ్రోవో ఇంటి పెరట్లో ఏటా అరవై సీసాలు ఉడకబెట్టే మనిషి. తప్పు నాది. అచ్చును నీళ్ల గిన్నెలో పొయ్యి మీద పెట్టి, భోజనానికి వెళ్తూ "ముట్టుకోకు" అన్నానే గాని ఎందుకో చెప్పలేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. ఈ పళ్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. నా చదువు అమ్మకి అర్థం కాదని నాకు నేనే అనుకున్నాను.

ఆదివారం ఊళ్లో అమ్మ వాళ్ల గాయకబృందం పాడుతుంది. పళ్లు పోయాక రెండేళ్లుగా అమ్మ గొంతు విప్పలేదు. ఈసారి పాట ఎత్తుకుంటానని మాటిచ్చింది.

"పోనీలే, చివరి వరసలో నోరు మూసుకుని నిలబడతాను. నాకేమన్నా కొత్తా?"

ఆ సాయంత్రమంతా కూర్చుని కొత్త పళ్లు పేర్చి, అచ్చు మళ్లీ పోశాను. శనివారం పొద్దున్నే చిగుళ్ల ముద్దకి పొడీ ద్రవమూ కలుపుతూ ఈసారి చెప్పాను.

"ఈ పొడిలో రవ్వంత బెంజోయిల్ పెరాక్సైడ్ ఉంటుందమ్మా. డెబ్బై డిగ్రీల వేడికి అది రెండుగా విరుగుతుంది. ఒక్కో ముక్క పక్కనున్న అణువు చెయ్యి పట్టుకుంటుంది. అది ఇంకోదాన్ని. గొలుసు పెరిగేకొద్దీ ఈ ముద్ద గట్టిపడుతుంది."

"మన హొరో నాట్యమే. రుమాలు ఊపుతూ ఒకడు లేస్తే, ఊరంతా చేతులు కలుపుతుంది."

"అంతే."

"డోలు మొదట్లోనే తొందరపెడితే?"

"అందరూ ఒక్కసారే దూకుతారు. ఆ వేడికి ద్రవం మరిగి బుడగలొస్తాయి."

"ఈ ముక్క నిన్ననే చెప్పుంటే గ్యాసన్నా మిగిలేది. యూనివర్సిటీలో నీకు నోరు విప్పడం నేర్పలేదా?"

ఎనిమిది గంటలు థర్మామీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. డెబ్బై దాటబోతే మంట తగ్గించేది. మూడింటికి సన్నగా కూనిరాగం మొదలైంది. నేను అటు తిరగలేదు, తిరిగితే ఆపేస్తుందని. చివరి అరగంటకి, "గొలుసు కుదిరింది, ఇక బుడగలు రావు. ఇప్పుడు మరిగించు, నీ మిరపకాయల్లాగే" అన్నాను.

రాత్రంతా అచ్చును నీళ్లలోనే చల్లారనిచ్చాం. ఆదివారం పొద్దున తెరిస్తే ఒక్క బుడగ లేదు. అంచులు రుద్ది, మెరుగు పెట్టి ఇచ్చాను. అమ్మ పెట్టుకుంది. నోటికి అడ్డం వెళ్తున్న చెయ్యి సగం దారిలో ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"పద పద. ఆలస్యమైతే ఆ యోర్డాంకా ఎత్తుకుంటుంది పాట."