పరిశీలకుడి సంతకం

తడి థర్మామీటరుకు తొడిగే పలుచటి గుడ్డను అమ్మ వారానికోసారి గిన్నెలు తోమాక ఉతుకుతుంది. వేలెడంత గుడ్డ. సబ్బు ఏమాత్రం మిగలకూడదు, ఆరిపోకూడదు; ఆరితే అంకె తప్పొస్తుంది. ఆ వేలెడు గుడ్డ ఎప్పుడూ తడిగా ఉండాలని పదమూడేళ్ళుగా అమ్మ చేతులు కూడా తడిగానే ఉన్నాయి. ఇంటికెవరొచ్చినా నాన్న ఆ గుడ్డను చూపించి, "చూశారా, దీన్ని ఉతికినందుకు సర్కారు నాకు జీతమిస్తోంది!" అని నవ్విస్తాడు. అమ్మ కూడా నవ్వుతుంది. ఆ నవ్వు వంటింట్లోకి వచ్చేసరికి ఉండదు.

మా నాన్న ఇషూ ఈ కొండ ఊరి వాతావరణ కేంద్రానికి పరిశీలకుడు. కేంద్రమంటే మా పెరడే. కాళ్ళున్న తెల్లపెట్టె, అందులో థర్మామీటర్లు, పక్కన వాన కొలిచే డబ్బా. సంతలో నాన్నను మబ్బుల ఇషూ అంటారు. రేపు వానొస్తుందా అని టీ ఇచ్చి మరీ అడుగుతారు. రోజుకు మూడుసార్లు పెట్టె తలుపు తీసేది మాత్రం అమ్మ. బడికి వెళ్ళని అమ్మకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. రెండేళ్ళ కిందట ఆమె కళ్ళకు పొర కమ్మింది. అప్పట్నుంచి నేను చూస్తున్నాను. మొదటిరోజు రిజిస్టరులో అంకెలు రాసి సంతకం గడి దగ్గర ఆగితే నాన్న, "దానికోసం నన్ను సంతలోంచి పిలుస్తావా తల్లీ? నాలాగే గీసెయ్" అన్నాడు. ముందు వంకరగా వచ్చేది. ఇప్పుడు తోక దగ్గర చిన్న సున్నా చుట్టడంతో సహా నాన్నకంటే నాకే బాగా వచ్చు.

మా ఇంట్లో రెండు గడియారాలు. ముందుగదిలోది ఊరి గడియారం. వంటింట్లోది కేంద్రం గడియారం, వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఏడాది పొడుగునా ఒక గంట వెనక నడుస్తుంది. రంజాన్ నెలలో మాత్రం మా దేశమంతా మామూలు గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు కనుక రెండూ ఒకటవుతాయి. రీడింగులు, మధ్యాహ్నం పన్నెండింటిదానితో సహా, కేంద్రం గడియారం ప్రకారమే; దాన్ని ఎవరూ ముట్టుకోరు.

రంజాన్ మొదటి సోమవారం తనిఖీకి పై అధికారి సీ జిలాలీ గారు వచ్చారు. నేను బడి మానేశాను. నా పుస్తకంలో ఒక ఫారం మడిచి ఉంది. వాతావరణ శాఖ టెక్నీషియన్ శిక్షణ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు. నాకు పదిహేడేళ్ళే కనుక తండ్రి సంతకం కావాలి. మర్నాడు పొద్దున మా టీచరమ్మ దాన్ని పట్నానికి తీసుకెళ్తుంది. అదే ఆఖరు రోజు.

"మధ్యాహ్నం రీడింగ్ మీ ముందే తీస్తాను సార్," ముందుగదిలో నాన్న గొంతు. "ఒంటిగంటకు. ఇంకా బోలెడు టైముంది."

వంటింట్లో పిండి పిసుకుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏడాదంతా ఊరి గడియారంలో ఒంటిగంటకు మేము వెళ్ళడం నాన్న చూశాడు. రంజాన్‌లో అది పన్నెండవుతుందని ఆయనకు తెలియదు. అమ్మ గడియారం వైపు మొహం ఎత్తింది. ముళ్ళు ఆమెకు కనబడవు.

"ఎంతయింది?"

"రెండు నిమిషాలు తక్కువ పన్నెండు."

"వెనక తలుపులోంచి వెళ్ళు."

పొడి థర్మామీటరు పదహారు పాయింటు నాలుగు. తడి తొమ్మిది పాయింటు రెండు. వాన లేదు, గీత. సంతకం. తలెత్తితే కిటికీలోంచి సీ జిలాలీ గారు నన్నే చూస్తున్నారు. దొరికిపోయాను. కానీ, అబద్ధమెందుకు, లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. ఇప్పుడు పేరడుగుతారు అనుకున్నాను.

ఒంటిగంటకు నాన్న టోపీ సర్దుకుని ఆయన్ని పెరట్లోకి తెచ్చాడు. రిజిస్టరులో సిరా అప్పటికే ఆరిపోయింది.

"ఏం ఇషూ, పన్నెండింటికి నువ్వు నా పక్కనే కూర్చున్నావు. మరి ఇక్కడ నీ సంతకం ఎలా నడిచొచ్చింది?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "పిల్ల... కాస్త సాయం చేస్తుంది సార్."

సీ జిలాలీ గారు పాత పేజీలు తిప్పారు. తర్వాత పెద్దగా నవ్వారు. "అంకెలు ముత్యాల్లా ఉన్నాయయ్యా. మాకు కావలసింది అంకెలే. పిల్లకి పెళ్ళయ్యేదాకా నీకు బెంగలేదు పో!"

నాన్న కూడా నవ్వాడు, ఊపిరి వచ్చినవాడిలా. తనిఖీ పుస్తకంలో సీ జిలాలీ గారు రాసింది నేను తలకిందులుగా చదివాను: పరిశీలకుడు శ్రద్ధగలవాడు. నా పేరు అడగలేదు. వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడ్డ అమ్మ వైపు చూడనైనా లేదు.

జీపు వెళ్ళాక ఫారం తీసి నాన్న ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"పిచ్చి తల్లీ, నువ్వెళ్ళిపోతే ఇక్కడెవరు చూస్తారు? మీ అమ్మ కళ్ళు చూశావుగా. ఇంట్లో ఉన్న ఉద్యోగం వదిలి ఉద్యోగం కోసం ఊళ్ళు పట్టి పోతావా?" అని ఫారం మళ్ళీ మడిచి అరుగు మీద పెట్టాడు, జాగ్రత్తగా, అది ఇంకెవరిదో అయినట్టు.

సాయంత్రం ఆరింటి రీడింగుకు బయల్దేరాను. నాన్న ఖర్జూరాల పళ్ళెం ముందు కూర్చుని ఉపవాసం విడిచే పిలుపు కోసం చూస్తున్నాడు. అంకెలు రాసి సంతకానికి రిజిస్టరు సర్దబోతే కింద మరో కాగితం తగిలింది. నా ఫారం. మడతలు పోయేలా చేత్తో రుద్ది ఉంది. చివర తండ్రి సంతకం అన్న గీత పక్కన పిండి అంటిన వేలిముద్ర. అక్షరం రాని అమ్మ ఆ చోటు ఎలా గుర్తుపట్టిందో.

వెనక్కి తిరిగితే అమ్మ నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. తడి గుడ్డ కింది గిన్నెలో నీళ్ళు పోయడానికి వచ్చింది. తడుముకుంటూ పోసింది.

"నువ్వెళ్ళాక నాకు అంకెలు కనబడకపోతే అది మీ నాన్న చూసుకుంటాడు," అంది మెల్లగా. "జీతం ఆయనదేగా."

నేను రెండు సంతకాలు పెట్టాను. ఒకటి రిజిస్టరులో, ఒకటి ఫారంలో. రెండిటికీ తోక దగ్గర చిన్న సున్నా చుట్టాను. మొదటిది నాన్న పెట్టమన్నది.