పదమూడు సెంటీమీటర్లు

మా అమ్మాయి కంప్యూటర్‌కి కొత్త కూలర్ కొనాలంది. కూలర్ అంటే గదికి పెట్టుకునేది కాదట. కంప్యూటర్ డబ్బాలో ప్రాసెసర్ వేడెక్కిపోకుండా దాని నెత్తిన తిరిగే ఫ్యానట. ఇప్పుడున్నది ఒకటే రొద, చప్పుడు చెయ్యనిది కావాలంది.

"ఉన్నదానికేమొచ్చింది? తిరుగుతోందిగా" అన్నాను.

"నా గొంతు వెనకాల అదే వినబడుతోందట. పని ఇచ్చేవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారీ ఇలాగే ఉంటే ఇంకెవరికైనా ఇచ్చుకుంటామన్నారు."

పిల్లల పాఠాలకి బొమ్మలు కూర్చి వీడియోలు చెయ్యడం తన పని. ఇప్పుడు పాఠం చదివే పని కూడా తనే అడిగి తీసుకుంది. పొద్దున్నే, నా కుట్టుమిషన్ మొదలవక ముందే రికార్డు చేస్తుంది. ఆర్నెల్లుగా ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల గొంతుతో చేసే పని పట్టుకుంది. నేను సంతోషించాలి. లోపలంతా వెతుక్కున్నాను, సంతోషం తగల్లేదు. ఆర్నెల్లుగా నాకు ఏదీ తగలడం లేదు, కూరలో ఉప్పు ఎక్కువైనా తెలియడం లేదు.

ఆర్నెల్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను ముందుగదిలో ఎవరిదో చొక్కాకి కాలర్ వేస్తున్నాను. పనివేళలో తను కంప్యూటర్ ఆపదు. లేచి తలుపు కొట్టాను. పలకలేదు. గడియ ఊడిపోయేదాకా తన్నాను. నేల మీద పడి ఉంది. ఇక బతకక్కర్లేదనుకుందట. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. "అస్తమానం తలుపు తీసి చూడకండి, పిల్లకి ఊపిరాడనివ్వండి" అని డాక్టరమ్మ మాత్రం నన్ను కేకలేసింది.

సరేనన్నాను. తలుపు తియ్యను, వింటాను. రొద పెరిగితే పనిలో ఉన్నట్టు. తగ్గితే ఊరికే కూర్చున్నట్టు. తగ్గినప్పుడల్లా నా కాలు మిషన్ తొక్కడం మానేస్తుంది. మళ్ళీ పెరిగాకే కుట్టు ముందుకు సాగుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి ఇదేమన్నా గొప్పా? ఇప్పుడు ఆ చప్పుడే తీసేస్తానంటోంది.

షాపుకి బయల్దేరే ముందు డబ్బా పక్క రేకు విప్పి, "లోపల ఎంత ఎత్తుది పడుతుందో కొలిచి పెట్టమ్మా, నీ కొలత తప్పదు" అని స్నానానికి వెళ్ళింది. ప్రాసెసర్ దగ్గర్నుంచి డబ్బా అంచుదాకా టేపు పెట్టాను. పదహారున్నర సెంటీమీటర్లు. కాగితం మీద రాయడం నాకు అలవాటు లేదు.

షాపతను మాటకారి. "చిన్న ఫ్యాను గిరగిరా తిరిగితే గానీ వేడి లాగలేదు, అందుకే అలా అరుస్తుంది. ఈ పెద్దది చూడండి, తాపీగా తిరిగినా చాలు" అని ఒకటి తీసి కరెంటుకి తగిలించాడు. "చెవి పెట్టి వినండి పెద్దమ్మా" అన్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడే అయి ఉంటాడు. చెవి పెట్టాను. రెక్కలు తిరుగుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. భయమేసింది. ఆర్నెల్ల తర్వాత నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి ఆ భయమే.

"ఇది తిరుగుతోందో ఆగిందో తెలిసేదెలా?" అన్నాను.

"తెలియకుండా ఉండటం కోసమే కదండీ కొనుక్కునేది."

"ఇంకాస్త చప్పుడు చేసేది లేదా?"

అతను కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ మాట అడిగింది మీరొక్కరే పెద్దమ్మా." మా అమ్మాయి నవ్వలేదు. "సరే, దీనికి లోపల పదహారు సెంటీమీటర్ల ఎత్తు కావాలి. మీ డబ్బాలో ఎంతుంది?"

తను నావైపు చూసింది.

"పదమూడు" అన్నాను.

"అయితే ఇది పట్టదు" అని అతను చిన్నది తీసి తిప్పాడు. అచ్చం ఇంట్లో దానిలాగే అరిచింది. ప్రాణం లేచొచ్చింది. "ఇది బాగుంది, ఇదే ఇచ్చెయ్యండి" అన్నాను.

"పదమూడేనా అమ్మా?"

"పదమూడే."

"ముప్పై ఏళ్ళలో నువ్వు కుట్టిన చొక్కా ఒక్కటీ బిగుతైందని వెనక్కి రాలేదు." తన గొంతులో కోపం లేదు, అసలు ఏమీ లేదు. "నాకు తెలుసమ్మా. నా ఫ్యాను తగ్గినప్పుడల్లా నీ మిషన్ ఆగిపోతుంది. నాకూ వినబడుతుంది. నువ్వు మళ్ళీ కుట్టుకోవాలని, ఒక్కోసారి పనేం లేకపోయినా ఏదో ఒక వీడియో పెట్టి దాన్ని అరిపిస్తాను."

షాపతను అటు తిరిగి, సర్ది ఉన్న అట్టపెట్టెల్నే మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు.

"పదహారున్నర" అన్నాను.

ఇంటికొచ్చి తనే బిగించింది. స్క్రూలు నా చేతిలో పోసి ఒక్కొక్కటే తీసుకుంది. అయ్యాక, "నేను పని చేసుకుంటాను, నువ్వు కుట్టుకో" అని తలుపు దగ్గరగా వేసుకుంది.

మిషన్ ముందు కూర్చున్నాను. సూది కింద ఎవరిదో చొక్కా చెయ్యి ఉంది. చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు. కాలు కదలదు. డాక్టరమ్మ ఏమన్నా అననీ, తలుపు తీసేద్దామని లేచాను.

"అమ్మా!"

"ఏంటే? ఏమైంది?"

"ఏం లేదు. ఉన్నాను."

మళ్ళీ కూర్చున్నాను. మిషన్ తొక్కాను. ఒక చెయ్యి కుట్టడం అయ్యేసరికి కాలు దానంతటదే ఆగింది.

"ఉన్నానమ్మా" అంది లోపల్నుంచి.

మిషన్‌లో గుడ్డ లేకపోయినా, బదులుగా తనకి వినబడేలా గట్టిగా తొక్కాను.