అల్చీదె ఒళ్లో చీజు దిమ్మ

ఆపెరా అనే పాటల నాటకం ఉన్న రోజున ఇటలీలోని పార్మాలో పై గ్యాలరీ జనం ముందు కడుపు నింపుకుంటారు, ఆ తర్వాతే న్యాయం చెప్పడానికి మెట్లెక్కుతారు. పాట చెడితే ఈలలు, బాగుంటే చప్పట్లు. మరీ బాగుంటే కుర్చీల్లోంచి జానెడు గాల్లోకి లేస్తారు. అందుకే ఆడవాళ్లు చేతిసంచుల్ని కుర్చీలకు కట్టేసుకుంటారు.

చీజు కొట్టు అల్చీదె మాత్రం చాలా ఏళ్లుగా లేవలేదు. ఈ కాలం గొంతుల్లో పస లేదంటాడు. కొడుకు ఎర్మెస్, పాటలు పాడే నివెస్‌ను చేసుకుంటానంటే, "నా జోళ్లు నేల వదిలేలా పాడమను. అప్పుడు కోడలంటాను," అని తెగేసి చెప్పాడు. ఎర్మెస్ తండ్రి మాట జవదాటే రకం కాదు. నివెస్ దిగులంతా అదే.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్షయతో చచ్చిపోయే పిల్ల కథ ఆడుతున్నారు. పాత ఆపెరాయే గానీ, కొత్త దర్శకుడు దాన్ని తెచ్చి లాండ్రీలో పడేశాడు. ఆ పిల్ల వేషం నివెస్‌దే. జీన్స్ వేసుకుని మాసిన దుప్పట్ల గుట్ట మీద ప్రాణం వదలాలి. అల్చీదె తక్కువ తిన్నాడా! నలభై కిలోల చీజు దిమ్మను ఒళ్లో పెట్టుకుని గ్యాలరీ ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇదేం అన్యాయం నాన్నా?" అన్నాడు ఎర్మెస్.

"మధ్యలో ఆకలేస్తేనో?"

చివరి అంకంలో బట్టలుతికే మెషిన్లు చూసి గ్యాలరీ గొల్లున నవ్వింది. "అమ్మాయ్, మా దుప్పట్లు కూడా వేస్తావా?" అని ఒకడు అరిచాడు. నివెస్ తలెత్తి చూస్తే ముందు ఆ దిమ్మే కనబడింది. కడుపు మండిపోయింది. ఆ మంటతోనే పాట ఎత్తుకుంది గానీ, రెండో చరణానికి ముసలాయన్నీ పెళ్లినీ మరిచిపోయి, చావబోయే ఆ పిల్ల కోసమే పాడింది.

గ్యాలరీ మొత్తం లేచింది. ఆ తర్వాత చీజు దిమ్మ లేచింది. దాన్ని వాటేసుకుని అల్చీదె దీపాల గుత్తి దాకా వెళ్లిపోయాడు.

కథలో పిల్ల చావాల్సిన ఘడియ దాటింది. కానీ ఆపితే ఆయన పడిపోడూ? నివెస్ గొంతును మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆయన్ని దించసాగింది. అల్చీదె ఏడుస్తున్నాడు.

"దించకమ్మా కోడలా! మీ అత్తయ్య పోయాక ఇంత తేలిగ్గా ఎప్పుడుందీ నాకు!"

నివెస్ దుప్పట్ల మీద లేచి కూర్చుని, గుక్క తిప్పుకుని, పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది.