రెండు పుట్టినరోజుల మనిషి

లిఫ్ట్ మెకానిక్‌కి పుట్టినరోజులు రెండు. మొదటిది జులై ఒకటి. ఎవరి తేదీ ఎవరికి గుర్తుంటుందిలే అని హెడ్‌మాస్టరు తరగతి మొత్తానికీ అదే రాసి చేతులు దులుపుకున్నాడు. పాస్‌పోర్టులోనూ అదే ఉంది. రెండోది ఫిబ్రవరి పదమూడు. ఆయన తల్లి పోయేముందు కొత్తకోడలి చెవిన వేసిన అసలు తేదీ అది. కర్టెన్లు కుట్టుకుని బతికే ఆ కోడలు, ఇరవై ఎనిమిదేళ్లుగా జులై ఒకటిని గడప తొక్కనివ్వలేదు.

కరోనా టీకా కేంద్రంలో ఫారం నింపింది కూడా ఆవిడే. పదో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడే ఆ ధీరుడు, సూదిని చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు మరి. ఆ ఫారమే ఇప్పుడు విమానాశ్రయంలో కొంప ముంచింది.

మూసేసిన సరిహద్దుల్ని ఆయన చెల్లెలుండే దేశం రెండేళ్ల తర్వాత తెరిచి వారమే అయింది. ఆ చెల్లెలికి యాభై నిండాక, అక్కడే ఓ మంచివాడు దొరికాడు. అన్నయ్య పక్కన లేకుండా పెళ్లి చేసుకోనని ఆవిడ మంకుపట్టు పట్టి రెండుసార్లు వాయిదా వేసింది. ఆ పెళ్లి రేపే. ఈ విమానం తప్పితే అందుకోలేరు.

"సార్, పాస్‌పోర్టులో జులై ఒకటి, టీకా సర్టిఫికెట్‌లో ఫిబ్రవరి పదమూడు. ఏది కరెక్టు?" అని కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"సర్టిఫికెట్టే కరెక్టమ్మా. పాస్‌పోర్టే తప్పు," అంది భార్య ఠక్కున.

ఆయన నెత్తి పట్టుకున్నాడు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆంటీ, ఆ మాట ఇంకెవరి ముందూ అనకండి. సర్టిఫికెట్‌లో తేదీ ఫోన్లోనే మార్చుకోవచ్చు. కానీ ఒక్కసారే. నలభై నిమిషాల్లో కౌంటర్ మూసేస్తాం."

భార్య సూట్‌కేసు మీద కూలబడి ఫోన్ తీసింది. ఓటీపీ వచ్చింది. తేదీ గడి ఖాళీగా కనిపించింది. ఇన్నేళ్లూ పోట్లాడిన తేదీని తన చేత్తోనే ఎక్కించాలి. ఆవిడకి వేలు కదల్లేదు.

"కొట్టవే. నాకు ఏ తేదీ అయినా ఒకటే," అన్నాడాయన.

"మీకు ఒకటే. అందుకే కదా ఇంకొకరు గుర్తుపెట్టుకోవాల్సొచ్చింది!" అని కసిరి, కళ్లు తుడుచుకుని, జులై ఒకటి అని కొట్టింది.

ఫోన్లో చక్రం తిరిగీ తిరిగీ కొత్త సర్టిఫికెట్ వచ్చింది. అమ్మాయి స్కాన్ చేసి బోర్డింగ్ పాసులు చేతికిచ్చింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఈ పాత కాగితం ఇక పనికిరాదు సార్. చించేయనా?"

"వద్దమ్మా, ఇలా ఇచ్చెయ్."

జేబులో పెట్టుకోబోతూ ఆయన దాన్ని ఓసారి చదివాడు. తర్వాత బోర్డింగ్ పాస్ మీద తేదీ చూశాడు. ఫిబ్రవరి పన్నెండు.

"రేపా?"

"ఇప్పటికి తెలిసిందా!"

"ఉగాదికి పెట్టుకోవే, నాకు సెలవు కలిసొస్తుందంటే వినలేదది. రేపే కావాలంది. నువ్వు చెప్పావా?"

"తేదీ ఒక్కటే చెప్పాను. మిగతాది మీ చెల్లెలే అంది." భార్య చేతిసంచి భుజాన వేసుకుంది. "'నాన్న పోయాక నన్ను పెంచడంలో పడి అన్నయ్య తన పుట్టినరోజే మర్చిపోయాడు వదినా. ఆ రోజే నా పెళ్లి పెట్టుకుంటా. ఇంకెలా మర్చిపోతాడో చూస్తా' అంది."

ఆయన మాస్కుని ముక్కు దాటించి కళ్లదాకా లాక్కున్నాడు. ముందు దారి కనిపించక అక్కడే నిలబడిపోతే, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని విమానం వైపు నడిపించింది.