జాకీని నమ్మనివాడు

ఆ వీధిలో అతణ్ణి అందరూ అనుమానం మేస్త్రీ అనేవాళ్ళు. కారుని జాకీతో లేపి, అలాగే కింద దూరిపోవడం అతని ఒంట్లో లేదు. వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్కముక్కలు బిగించేవాడు. ముందువైపు రెండు ఇనప స్టాండ్లు నిలబెట్టి బండి బరువంతా వాటి మీదికి దించేవాడు. విప్పిన చక్రాలని కూడా ఊరికే వదలకుండా బాడీ అంచుల కింద పడుకోబెట్టేవాడు. చివరికి బండిని రెండు చేతులా పట్టుకుని, పడేదేదో ఇప్పుడే పడమన్నట్టు ఊపి చూసేవాడు. ఈయన కింద దూరేలోపు మేం రెండు బండ్లు బాగుచేసి పంపేస్తామని పక్క షెడ్ల వాళ్ళు నవ్వేవాళ్ళు.

అందరికంటే గట్టిగా నవ్వింది అతని బావ. ఇద్దరూ ఒకప్పుడు ఒకే షెడ్డులో పని నేర్చుకున్నారు. ఆ స్నేహంతోనే అక్కని ఆ ఇంటికి ఇచ్చారు. అక్కడ ఉన్నప్పుడే ఒకనాడు తోటి పనివాడు జాకీ మీదున్న వ్యాను కింద ఉండగా జాకీ పక్కకి జారింది. వాడి అరుపు సగంలోనే తెగిపోయింది. ఆ సగం అరుపు మేస్త్రీ చెవుల్లోంచి మళ్ళీ పోలేదు. బావ మాత్రం సబ్బుతో చేతులు తోముకుంటూ, వాడికి అంతే రాసిపెట్టి ఉందని చెప్పి భోజనానికి కూర్చున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో వేరే చెప్పాలా. అక్క ఏళ్ళ తరబడి మెట్ల మీద జారానని, తలుపు తగిలిందని చెప్పుకుంటూ వచ్చింది. ఒకరోజు మెడ పక్క ఎముక విరిగి, చెయ్యి పైకెత్తలేక, కట్టుబట్టలతో తమ్ముడి షెడ్డు ముందు దిగింది. ఈసారి ఏ మెట్ల పేరూ చెప్పలేదు. షెడ్డు వెనక గది ఆమెకిచ్చి, మేస్త్రీ తన మంచం బయట వేసుకున్నాడు. ఎముక అతుక్కున్నాక ఆమె ఊరికే కూర్చోలేక, విప్పిన సామాన్లు కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టే పని పెట్టుకుంది. బావ పెద్దమనుషుల్ని పంపాడు. ఆమె వాళ్ళకి టీ ఇచ్చింది గాని మాట ఇవ్వలేదు. రెండోసారి వాళ్ళు వస్తే టీ కూడా ఇవ్వలేదు.

మూడోసారి బావే వచ్చాడు.

మధ్యాహ్నం. పక్క షెడ్ల వాళ్ళు షట్టర్లు సగం దించి తిండికి పోయారు. మేస్త్రీ ఒక పాత కారు గేర్‌బాక్సు దించడానికి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతనికి కనిపించినవి బావ బూట్లు, వాటి పక్కన నేలకి ఆనించిన సమ్మెట తల.

అక్కని పంపమన్నాడు బావ. అది తన చేతిలో లేదని, బయటికి వచ్చాక కూర్చుని మాట్లాడుకుందామని మేస్త్రీ నెమ్మదిగానే అన్నాడు. బూట్లు బండి ముందుకి నడిచాయి. నూనె వదిలి జాకీ దిగుతున్న చప్పుడు సుయ్‌మని వినిపించింది.

స్టాండ్ల మీదున్న బండి కదల్లేదు. జాకీ తల మాత్రం ఖాళీగా కిందికి దిగిపోయింది.

బావ బెదిరించడానికి రాలేదని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఆ జాకీ మర తిప్పిన చెయ్యి, బండి తన మీద పడుతుందనే తిప్పింది.

"ఇందుకేనన్నమాట నువ్విన్నాళ్ళూ బతికింది," అన్నాడు బావ.

తర్వాత భుజం ఆనించి తోశాడు. బండి కిర్రుమంది. తుప్పు రాలి మేస్త్రీ కళ్ళల్లో పడింది. ఏమీ కనిపించక కాళ్ళు లోపలికి లాక్కుంటుండగానే సమ్మెట దిగింది. కుడి పిక్క ఎముక ఎండుకట్టెలా విరిగిన చప్పుడు నొప్పికంటే ముందు వినిపించింది. ఆ తర్వాత వచ్చిన కేకకి వెనక గదిలోంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

ఆమె వెనకనుంచి భర్త మెడ పట్టుకుంది. అతను దులిపేసుకుని, జుట్టు దొరకబుచ్చుకుని, ఆమె నుదుటిని పనిముట్ల బల్లకేసి కొట్టాడు. పానాలు ఝల్లున నేలమీద చెల్లాచెదురయ్యాయి. ఆమె పడింది. పడినదాన్ని జుట్టు వదలకుండా మళ్ళీ గచ్చుకేసి కొట్టాడు. బండి కిందనుంచి మేస్త్రీకి ఆమె మొహం బారెడు దూరంలో కనిపిస్తోంది. ఒక కన్ను నిండా నెత్తురు. రెండో కన్ను అతన్నే చూస్తోంది, రావద్దన్నట్టు.

మేస్త్రీ బోర్లా తిరిగి, అవతలి పక్కనుంచి బయటపడదామని మోచేతుల మీద పాకాడు. విరిగిన కాలు వేరే ఎవరిదో కట్టి లాగుతున్నట్టు వెనకొస్తోంది. బావ అది చూశాడు. అక్కని వదిలేసి మోకాళ్ళ మీద కూలబడి, సమ్మెట కర్రని తల దగ్గర పట్టుకుని, చెయ్యి లోపలికి చాపి స్టాండు కాలి మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బకి స్టాండు చలించలేదు. ఇంకో దెబ్బకి గచ్చు మీద గీరుకుంటూ జరిగింది. పళ్ళు బిగించి మళ్ళీ కొట్టాడు.

స్టాండు ఒరిగింది. షెడ్డంతా అదిరేలా బండి ఆ మూల దిగబడింది.

మేస్త్రీ ఛాతీ దాకా ఇంకా కిందే ఉన్నాడు. ఏదో బోల్టు వీపు మీద చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. ఇంక అయిపోయిందనుకున్నాడు. కానీ పడుకోబెట్టిన చక్రం మీద బాడీ అంచు ఆగింది. సన్నగా పీల్చుకుంటే ఊపిరి అందుతోంది. అంగుళం అంగుళం జరిగి బయటపడ్డాడు.

అవతల బావ అరుస్తున్నాడు. అతని కుడి ముంజెయ్యి బండి అంచుకీ చక్రం రిమ్ముకీ మధ్య నలిగి ఉంది.

మేస్త్రీ బండి చుట్టూ దేకుతూ వచ్చేసరికి అక్క లేచి నిలబడి ఉంది. చేతుల్లో సమ్మెట. మొహం గుర్తుపట్టేలా లేదు. బావ ఆమెని చూసి అరవడం మానేశాడు.

"నా ఎముక విరిచింది ఈ చేత్తోనే," అంది ఆమె, ఎవరికో చూపిస్తున్నట్టు.

సమ్మెట తలమీదికి లేచింది. మేస్త్రీ అక్కా అని ఒక్కటే మాట అన్నాడు. దెబ్బ బావ చెవికి జానెడు పక్కన గచ్చు మీద పడింది. పెళ్ళలు లేచి అతని చెంపలు కోశాయి. అతని ప్యాంటు తడిసిపోయింది. ఆమె ఇంకోసారి ఎత్తలేదు. సమ్మెట వదిలేసి, ఏం చెయ్యాలో చెప్పమంది.

జాకీ తెచ్చిపెట్టమన్నాడు మేస్త్రీ. ఆమె జాకీ కాడని పైకీ కిందికీ కొడుతుంటే బండి లేచింది. చెయ్యి లాగెయ్యమని బావ వేడుకుంటున్నాడు. దాన్ని రిమ్ముకి అతుక్కున్నచోటినుంచి తప్పించాలంటే ఇంకొకరు కిందికి చెయ్యి పెట్టాలి.

"లాగెయ్యరా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు స్టాండు," అన్నాడు మేస్త్రీ.

అక్క స్టాండు తెచ్చింది. అతను దాన్ని సరిగ్గా నిలబెట్టి, జాకీ దించి, బరువు దాని మీద కూర్చున్నాక బండిని పట్టుకుని ఊపాడు. ఊపిన ప్రతిసారీ బావ కేక పెట్టాడు. అప్పుడే అక్కని లోపలికి చెయ్యి పెట్టనిచ్చాడు. వీధిలోవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ముగ్గురూ నెత్తుటి మడుగులో కూర్చుని ఉన్నారు.

బావ చేతిని డాక్టర్లు మోచెయ్యి కింద తీసేశారు. మేస్త్రీ కాల్లో ఇనప రేకు వేశారు. స్టాండు వంకతో కావాలనే ఆలస్యం చేశాడని వీధిలో కొందరన్నారు. పోలీసులూ అదే అడిగారు. అక్క చెయ్యి పెట్టాల్సిన చోట తాను జాకీని నమ్మలేదని అతను చెప్పాడు. అది నిజమే. కానీ ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకున్నప్పుడు, ఆ ఊపడం ఒకసారితో సరిపోయేది కదా అని అనిపించేది.

కేసు కోర్టుకి రాకముందు బావ తల్లి షెడ్డుకి వచ్చింది. ఉన్న ఒక్క కొడుకు, అదీ ఒంటిచేతి వాడు, వదిలెయ్యమంది. అక్క ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వదలనని చెప్పింది. ముసలామె పోబోతూ కోడలి నుదుటి మీది జుట్టు పక్కకి తీసి, కుట్లని వేలితో తడిమి చూసింది.

కోర్టులో బావ తరఫు వకీలు, అదంతా ప్రమాదమని, మాటకి మాట పెరిగి జరిగిందని వాదించాడు. కొడుకు మంచివాడని చెప్పడానికి తల్లిని పిలిపించాడు. ఆమె బోనెక్కి కొడుకు వైపు చూడకుండా నిలబడింది. ఆ రోజు ఇంట్లోంచి ఎలా బయల్దేరాడో చెప్పమన్నాడు వకీలు.

"సమ్మెట తీసుకుని బయల్దేరాడు," అంది ఆమె. "ఎందుకురా అనడిగితే, వాడు బండి కింద ఉండే వేళకి పోతున్నానన్నాడు. నేను గడప దగ్గర అడ్డంగా నిలబడ్డాను. పక్కకి తోసి పోయాడు."

వకీలు ఇంక చాలన్నాడు. ఆమె ఆగలేదు.

"నన్ను తోసింది కూడా ఆ చేత్తోనే," అని చెప్పి, మెట్లు దిగి, కోడలు కూర్చున్న బెంచీ మీదే ఆ చివర కూర్చుంది.